పేరు వినని వాచీకి రెండు లక్షలా?

మన ఇళ్ళల్లో ఖరీదైన వాచీకి ఒక పరీక్ష ఉంటుంది. పెళ్ళి పందిట్లోనో, గృహప్రవేశం భోజనాల దగ్గరో ఎవరో పెద్దమనిషి మన చెయ్యి పట్టుకుని తిప్పి చూసి, డయల్ మీది పేరు పైకి చదివి "ఓహో!" అనాలి. ఆ "ఓహో" రాకపోతే పెట్టిన డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరే. రోలెక్స్ అంటే వస్తుంది. ఒమేగా అంటే వస్తుంది. దుబాయ్ నుంచి దిగిన బావగార్ల పుణ్యమా అని మా గోదావరి జిల్లాల్లో రాడోకి కాస్త ఎక్కువగానే వస్తుంది.

అలాంటి ఇంట్లో పుట్టిన మా మేనల్లుడు రెండు లక్షలు పెట్టి నోమోస్ అనే వాచీ కొంటానన్నాడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతికి కొత్తగా వచ్చిన బోనస్, ఇంకా పెళ్ళి కాలేదు. "నోమోసా? ఇదేం కొత్త నోమురా నీకు?" అంది మా అక్క. ఆ పంచాయితీ చివరికి నా దగ్గరికొచ్చింది. మా నాన్నగారిది రాజమండ్రి మెయిన్ రోడ్డులో వాచీ రిపేరు షాపు. నేను బ్యాంకు ఉద్యోగంలో పడ్డాను గానీ, బడి సెలవులన్నీ ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని, పళ్ళచక్రాలు పెట్రోల్లో కడుగుతూ గడిచిపోయాయి. అందుకని మా చుట్టాల్లో ఎవరు వాచీ కొన్నా, ఎవరి వాచీ ఆగిపోయినా ఫోను నాకే.

"మావయ్యా, మంచిదేనని అమ్మకి నువ్వే చెప్పాలి" అన్నాడు వాడు.

"చెబుతాను గానీ, ముందు నీకు దాని గురించి ఏం తెలుసో చెప్పు" అన్నాను. డయల్ ఎంత నిరాడంబరంగా ఉంటుందో, ముళ్ళు ఎంత సన్నగా ఉంటాయో, జర్మనీలో ఎన్ని డిజైన్ బహుమతులు వచ్చాయో గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. "లోపల మెషీన్ ఎవరిది? పాడైతే ఎవరు బాగుచేస్తారు?" అని అడిగితే ఆగాడు.

మా నాన్నగారు ఏ వాచీ వచ్చినా ముందు బోర్లించి వెనక మూత తీసేవారు. డయల్ మీది పేరు చూసేది రసీదు రాసేటప్పుడే. పైన పటారం లోన లొటారం అన్నమాట ఆ బల్ల దగ్గర రోజుకొక్కసారైనా వినిపించేది. పెద్ద పేరున్న వాచీలో పట్టుమని పది రూపాయలు చేయని మెషీన్ ఉండటమూ, ఊరూ పేరూ లేని వాచీలో ముచ్చటైన పనితనం ఉండటమూ రెండూ ఆయన చూసినవే. అందుకే పేరు వినలేదన్న ఒక్క కారణంతో ఏ వాచీనీ నేను తోసెయ్యను. అలాగని డిజైన్ నచ్చిందన్న ఒక్క కారణంతో నెత్తిన పెట్టుకోను.

అసలు పేరు వినలేదన్నది ఎవరి లెక్క? ఫేవర్ లూబా పేరు మా మేనల్లుడు వినలేదు. 1737లో స్విట్జర్లాండ్‌లో మొదలైన కంపెనీ అది, 1865 నాటికే బొంబాయిలో అడుగుపెట్టింది. వాడి తాతగారికి పెళ్ళిలో అత్తవారు పెట్టిన వాచీ అదే. ఆ తర్వాత చేతులు మారి మారి, 2011లో మన టైటాన్ వాళ్ళ దగ్గరికి, 2023లో ఎథోస్ కంపెనీ చేతికి వచ్చింది. వెస్టెండ్ వాచీలు మన రైల్వే ఉద్యోగుల చేతుల మీదా సిపాయిల చేతుల మీదా తిరిగాయి. ఇప్పుడు ఎవరిని అడిగినా అదేదో సినిమా హాలు అనుకుంటారు.

ఇన్ని పేర్లు ఇలా మాసిపోవడానికి ఒక కారణం ఉంది. 1969 డిసెంబర్ 25న జపాన్ సైకో కంపెనీ ఆస్ట్రాన్ అనే వాచీ అమ్మకానికి పెట్టింది. ప్రపంచంలో మొట్టమొదటి క్వార్ట్జ్ చేతి వాచీ, అంటే మనం సెల్ వాచీ అనేది. ధర 4,50,000 యెన్‌లు. ఆనాడు జపాన్‌లో ఆ డబ్బుకి చిన్న కారు వచ్చేది. పదేళ్ళు తిరిగేసరికి సెల్ వాచీ చవకబడి ఊరూరికీ చేరింది. కీ ఇచ్చే వాచీల మీద బతికిన స్విట్జర్లాండ్ కకావికలైంది. 1970లో దాదాపు 90,000 మంది చేసే పని, 1980ల నడుమకి వచ్చేసరికి 30,000 మందికి మిగిలింది. వందల కంపెనీలు తాళాలు వేసుకున్నాయి.

కంపెనీ పోయినా పేరు మిగులుతుంది. దాన్ని కొనుక్కోవచ్చు. బ్లాంపా అనే స్విస్ కంపెనీ 1735 నుంచి ఉన్నామని చెప్పుకుంటుంది. నిజానికి అది మధ్యలో మూలపడితే 1980ల మొదట్లో జాన్ క్లోద్ బివేర్, జాక్ పిగే అనే ఇద్దరు ఆ పేరు కొని మళ్ళీ నిలబెట్టారు. ఇప్పుడు వాళ్ళ పనితనానికి వంక పెట్టడానికి లేదు. కానీ డయల్ కింద చిన్న అక్షరాల్లో ఏదో శతాబ్దం కనబడగానే చేతులు జోడించనక్కర్లేదు. మధ్యలో ఎన్నేళ్ళు మూతపడింది, ఇప్పుడు తయారుచేసేది ఎవరు, ఎక్కడ అని అడగాలి. పేరు గొప్ప ఊరు దిబ్బ అయ్యే ప్రమాదం ఇలాంటి చోటే ఎక్కువ.

నోమోస్ సంగతికి వద్దాం. జర్మనీలో డ్రెస్డెన్‌కి దక్షిణంగా, చెక్ సరిహద్దుకు దగ్గర్లో, కొండల మధ్య గ్లాస్‌హ్యూటె అనే చిన్న ఊరుంది. ఒకప్పుడు వెండి గనుల మీద బతికిన ప్రాంతం. గనులు అడుగంటాక పేదరికం మిగిలింది. 1845లో ఫెర్డినాండ్ అడాల్ఫ్ లాంగె అనే డ్రెస్డెన్ గడియారాల పనివాడు సాక్సనీ ప్రభుత్వం దగ్గర అప్పు తీసుకుని, 15 మంది స్థానిక కుర్రాళ్ళను పనిలో పెట్టుకుని అక్కడ వాచీల తయారీ మొదలుపెట్టాడు. తర్వాత 18 ఏళ్ళు ఆ ఊరి మేయరు కూడా ఆయనే. క్రమంగా ఊరు ఊరంతా వాచీ పనిలోకి దిగింది.

1945 మే 8, అంటే యూరప్‌లో యుద్ధం ముగిసిన రోజునే, సోవియట్ విమానాల బాంబులు లాంగె కర్మాగారం మీద పడ్డాయి. మిగిలిన యంత్రాలు యుద్ధ నష్టపరిహారం కింద రష్యాకు తరలిపోయాయి. ఆ భాగం తూర్పు జర్మనీలోకి పోవడంతో 1951లో ఊళ్ళోని కంపెనీలన్నిటినీ కలిపి ఒకే ప్రభుత్వ సంస్థ చేశారు. మన హెచ్.ఎం.టి. లాంటిదే అనుకోండి. 1989లో బెర్లిన్ గోడ పడింది. మరి రెండు నెలలకే, 1990 జనవరిలో, డ్యుస్సెల్‌డోర్ఫ్ నుంచి రోలాండ్ ష్వెర్ట్నర్ అనే ఆయన వచ్చి నోమోస్ పేరు పెట్టి కంపెనీ తెరిచాడు. 1992లో మొదటి వాచీలు వచ్చాయి. మా వాడికి నచ్చిన టాంజెంట్ వాటిలో ఒకటి.

తమాషా ఏమిటంటే ఆ పేరు కూడా పాతదే. 1906లో అదే ఊళ్ళో నోమోస్ అనే కంపెనీ ఒకటి పుట్టింది. స్విట్జర్లాండ్ సరుకు తెప్పించి గ్లాస్‌హ్యూటె వాచీలని చెప్పి అమ్ముతోందని లాంగె కంపెనీ కోర్టుకెక్కింది. 1910 నాటికి దాని కథ ముగిసింది. ఇప్పటి నోమోస్‌కు దానితో పేరు తప్ప వేరే బంధుత్వం లేదు. పైగా వందేళ్ళ తర్వాత ఇదే నోమోస్, గ్లాస్‌హ్యూటె అని రాసుకునే హక్కు గురించి అదే ఊళ్ళోని మరో కంపెనీ మీద దావా వేసింది. ఆ ఊరి పేరు డయల్ మీద వేసుకోవాలంటే మెషీన్ విలువలో కనీసం సగం పని ఆ ఊళ్ళోనే జరగాలి. 2022లో ఈ నియమానికి జర్మన్ ప్రభుత్వ రక్షణ కూడా దొరికింది. మా అక్కకు ఈ సంగతి చెప్పినప్పుడు మొదటిసారి కాస్త మెత్తబడింది. "అంటే మన ఉప్పాడ చీరకున్నట్టు ముద్ర ఉందన్నమాట" అంది.

స్విస్ మేడ్ అన్న రెండు మాటలకూ ఇలాంటి లెక్కే ఉంది. 2017 జనవరి 1 నుంచి తయారీ ఖర్చులో కనీసం 60 శాతం స్విట్జర్లాండ్‌లో అయి ఉండాలి. మెషీన్ స్విస్‌ది అయి ఉండాలి, బిగింపు, చివరి తనిఖీ అక్కడే జరగాలి. మిగతా 40 శాతం? చైనా నుంచి వచ్చిన కేసూ డయలూ అయినా చట్టానికి అభ్యంతరం లేదు. అందువల్ల స్విస్ మేడ్ ముద్ర చూసి కళ్ళు మూసుకుని కొనే అలవాటు పాతకాలం నాటిది.

హైదరాబాద్ షోరూములో టాంజెంట్‌ను చేతిలోకి తీసుకున్నాక నేను జేబులోంచి నాన్నగారి కంటి గ్లాసు తీశాను. సేల్స్ కుర్రాడు కొంచెం కంగారుపడ్డాడు. ఎవరేమనుకున్నా ఈ పని చేయండి. పది రెట్లు పెద్దదిగా చూపే గ్లాసు నాలుగైదు వందలకే దొరుకుతుంది. లక్షల సరుకుకి అదే మంచి సాక్షి.

ముందు డయల్. అంకెల అంచులు చూడాలి. నాసిరకం ముద్రణ గ్లాసులో చూస్తే అంకె అంచు చీమలు కొరికినట్టుంటుంది, నలుపు ఒకచోట చిక్కగా మరోచోట పలచగా ఉంటుంది. టాంజెంట్‌లో 12, 2, 4, 8, 10 అంకెలు సన్నటి కాళ్ళతో నిలబడి ఉన్నాయి, ఎక్కడా సిరా చెదరలేదు. 6 ఉండాల్సిన చోట సెకన్ల చిన్న వలయం. నిమిషాల ముల్లు కొస నిమిషాల గీతల్ని సరిగ్గా తాకుతోంది. ముల్లు పొట్టిగా ఉండి గీత దాకా రాకపోతే ఏదో పాత అచ్చు ముళ్ళు తెచ్చి కొత్త డయల్‌కు తగిలించారని అనుమానించవచ్చు. ముళ్ళు నీలం రంగు. ఉక్కును దాదాపు 300 డిగ్రీల దాకా వేడి చేస్తే దానికదే ఆ నీలం తేరుతుంది. రంగు పూసిన ముల్లైతే ఎటు తిప్పినా ఒకే నీలంగా కనిపిస్తుంది. కాల్చిన ముల్లు ఒక వాలులో నల్లగా, కొంచెం తిప్పితే నెమలి కంఠంలా మెరుస్తుంది. ఇది మెరిసింది.

వెనకవైపు గాజు మూత. లోపల ఆల్ఫా అనే మెషీన్ కనిపిస్తుంది. మందం 2.6 మిల్లీమీటర్లు, 17 రాళ్ళు, కీ ఇస్తే 43 గంటలు నడుస్తుంది. ముప్పాతిక భాగం ఒకే పలకతో కప్పి ఉంటుంది. అది గ్లాస్‌హ్యూటె సంప్రదాయం. ఆ ఒక్క పలక కింద అన్ని చక్రాల ఇరుసులూ ఒకేసారి వాటి రంధ్రాల్లో కూర్చోవాలి. బిగించేవాడికి ఎంత ఓర్పు కావాలో మా నాన్నగారుంటే చెప్పేవారు, రెండు తిట్లు కూడా కలిపి. పలక మీద సన్నటి చారలు, చక్రం మీద సూర్యకిరణాల్లా గీతలు, నీలం స్క్రూలు. స్క్రూ తలల గాడి అంచులు చూడండి. ఒరిసిపోయి, గీతలు పడి ఉంటే ఎవరో ఇంతకుముందే విప్పారన్నమాట. కొత్త వాచీలో ఆ గాడి పదునుగా ఉండాలి.

వాచీని మా వాడి చెవి దగ్గర పెట్టాను. ఆల్ఫా గంటకు 21,600 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకు ఆరు. వాళ్ళ తాతగారి హెచ్.ఎం.టి. జనతా సెకనుకు అయిదే కొట్టుకునేది. ఇప్పటి స్విస్ ఆటోమేటిక్‌లలో ఎక్కువభాగం ఎనిమిది. వేగం పెరిగితే కుదుపులకు తట్టుకుంటుంది, ముల్లు నున్నగా జారుతుంది. నిదానంగా కొట్టుకునే వాచీ చప్పుడు వినడానికి మాత్రం నాకు ఇప్పటికీ ఇష్టం.

ఈ ఆల్ఫా నోమోస్ సొంత మెషీనే, 2005లో వచ్చింది. అంతకుముందు వాళ్ళు స్విట్జర్లాండ్ నుంచి పెసూ 7001 అనే మెషీన్ తెప్పించుకుని మార్చుకునేవారు. ఆల్ఫా రూపురేఖలు దాని నుంచి వచ్చినవే. ఇంకో మెట్టు పైకి, వాచీకి గుండెకాయ లాంటి ఎస్కేప్‌మెంట్ భాగాన్ని కూడా సొంతంగా తయారుచేయాలని డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంతో కలిసి ఏడేళ్ళు పనిచేసి, కోటీ 14 లక్షల యూరోలు ఖర్చుపెట్టారు. 2014లో దాన్ని చూపించారు. చాలా కంపెనీలు ఆ సామాను స్వాచ్ గ్రూపులోని నివరాక్స్ దగ్గర కొనుక్కుంటాయి. అయితే షోరూములో జాగ్రత్త. ఈ కథంతా అన్ని నోమోస్ వాచీలకూ కలిపి చెప్పేస్తారు. ఆ భాగం డి.యు.డబ్ల్యూ. 3001 లాంటి మెషీన్లున్న మోడళ్ళలో ఉంటుంది, వాటి ధర వేరు. మీరు కొనే వాచీలో ఏ నంబరు మెషీన్ ఉందో అడిగి రాయించుకోండి.

సొంత మెషీన్ అనగానే ఎగిరి గంతెయ్యాల్సిన పనీ లేదు. ఈటా 2824, సెలిటా ఎస్‌డబ్ల్యూ 200 అనే రెండు స్విస్ మెషీన్లు ఎన్నో కంపెనీల వాచీల్లో ఉంటాయి. వాటిని చిన్నచూపు చూడటం ఒక ఫ్యాషన్. నా మట్టుకు, మొదటిసారి కొనేవాళ్ళకు అవి తీసిపారేసేవి కావు. తెలిసిన మెకానిక్ ఎవరైనా విప్పగలడు, స్పేర్ పార్టులు దొరుకుతాయి. రేపు ఆ వాచీ కంపెనీ మూతపడినా వాచీ బతుకుతుంది. సొంత మెషీన్ ఉన్న కంపెనీ మూతపడితే మీ చేతికి ఉన్నది అందమైన కంకణం. హెచ్.ఎం.టి. వాచీల కంపెనీ 2016లో మూతపడినా జనతాలు ఇంకా తిరుగుతున్నాయంటే, లక్షల్లో తయారై ఊరూరా పార్టులు మిగిలి ఉండబట్టే. ఏడాదికి వెయ్యి వాచీలు చేసే కొత్త కంపెనీకి ఆ అదృష్టం ఉండదు. సెలిటా మెషీన్ పెట్టి నాలుగు లక్షలు అడిగితే మాత్రం, మిగతా డబ్బు దేనికో వివరం అడగండి.

టైము సంగతి. రెండు లక్షల వాచీ రోజుకు అయిదు సెకన్లు తేడా చూపిస్తే మా అక్కకు నచ్చదు. ఆవిడ వంటింట్లో గోడ గడియారం అంతకన్నా నయం. స్విట్జర్లాండ్‌లో కాస్క్ అనే సంస్థ మెషీన్లను 15 రోజులు, అయిదు భంగిమల్లో, మూడు ఉష్ణోగ్రతల్లో పరీక్షించి క్రోనోమీటర్ పత్రం ఇస్తుంది. దానికి కూడా రోజుకు సగటున 4 సెకన్లు వెనకబడటం నుంచి 6 సెకన్లు ముందుకెళ్ళడం వరకూ అనుమతి ఉంది. రోజులో 86,400 సెకన్లు. ఒక స్ప్రింగు, కొన్ని పళ్ళచక్రాలు కలిసి అందులో అయిదారు సెకన్లకు మించి తప్పకపోవడమే ఇక్కడ విశేషం. దానికి మురిసిపోయే మనసు లేకపోతే సెల్ వాచీ కొనుక్కోవడం ఉత్తమం, అందులో నామోషీ లేదు. ఒకవేళ కీ వాచీ ఉన్నట్టుండి రోజుకు నిమిషాలకు నిమిషాలు ముందుకు పరుగెడితే కంగారుపడకండి. ట్యాబ్ కవరులోనో స్పీకరులోనో ఉన్న అయస్కాంతం హెయిర్ స్ప్రింగుకు పట్టి ఉంటుంది. దాన్ని పోగొట్టే చిన్న యంత్రం మంచి రిపేరు షాపుల్లో ఉంటుంది, క్షణాల పని.

చేతికి పెట్టుకు చూడకుండా వాచీ కొనకూడదు, అందునా పరిచయం లేని కంపెనీది. అందరూ డయల్ వెడల్పు చూస్తారు. చూడాల్సింది బెల్టు పట్టుకునే కొమ్ముల మధ్య దూరం, అంటే ఈ కొస నుంచి ఆ కొసకి. టాంజెంట్ కొమ్ములు సన్నగా పొడుగ్గా ఉంటాయి. 35 మిల్లీమీటర్ల వాచీయే చేతిమీద దాదాపు 45 ఆక్రమిస్తుంది. 38ది పెట్టుకుంటే మా వాడి సన్నటి మణికట్టు దాటి కొసలు బయటికొచ్చాయి. చిన్నది అతికినట్టు కూర్చుంది.

మన వాతావరణం ఇంకో పరీక్ష. 30 మీటర్ల వాటర్ రెసిస్టెంట్ అని ఉంటే 30 మీటర్ల లోతుకు దూకమని అర్థం కాదు. చేతులు కడుక్కునేటప్పుడు చుక్కలు పడినా ఫరవాలేదు, అంతవరకే. ఈత కొట్టేవాళ్ళకు 100 మీటర్లైనా ఉండాలి. తోలు బెల్టు రాజమండ్రి మే నెల చెమటకు ఎన్నాళ్ళో ఆగదు. నోమోస్‌తో వచ్చే బెల్టు సాధారణంగా గుర్రం తోలు, షికాగోలోని హోర్వీన్ వాళ్ళది. నాణ్యమైనదే. ఇంట్లో పట్టింపులున్నవాళ్ళు ముందే తెలుసుకుని నైలాను బెల్టు అడగడం మంచిది. మా అక్కకు ఈ వివరం నేను చెప్పలేదు, మీరూ చెప్పకండి.

ఈ ధరకు అటూ ఇటూగా ఇంకేమున్నాయని అడుగుతారు. రోలెక్స్ స్థాపకుడు హాన్స్ విల్స్‌డోర్ఫే 1926లో పేరు నమోదు చేయించిన ట్యూడర్ ఉంది. 1904 నుంచి హోల్‌స్టైన్ అనే స్విస్ పల్లెలో ఉన్న ఓరిస్ ఉంది. వాళ్ళు 2020లో తెచ్చిన కాలిబర్ 400 మెషీన్ కీ నిండితే అయిదు రోజులు నడుస్తుంది, పదేళ్ళ వారంటీ, సర్వీసింగ్ కూడా పదేళ్ళకోసారి చాలంటారు. నా దృష్టిలో ఏ కరపత్రం కన్నా ఆ పదేళ్ళ మాట విలువైనది. ఇంకాస్త పైకెళితే గ్రాండ్ సైకో. 1960 నుంచి ఉన్నా, 2017లో సైకో నుంచి వేరు కాపురం పెట్టి సొంత పేరుతో నిలబడింది. వాళ్ళ స్ప్రింగ్ డ్రైవ్ మెషీన్‌లో శక్తి స్ప్రింగుది, అదుపు క్వార్ట్జ్‌ది. నెలకు 15 సెకన్లకు మించి తేడా రాదు. మంచు పరిచినట్టుండే దాని తెల్ల డయల్ ఒకటుంది, చూస్తే కళ్ళు తిప్పుకోలేం. ధర అయిదు లక్షలు దాటుతుంది. "సైకోకి అయిదు లక్షలా?" అని అడగని చుట్టం మీకు ఉంటే అదృష్టవంతులు.

డబ్బు విషయంలో బ్యాంకు మనిషిగా నాలుగు మాటలు. ఇది బంగారం కాదు. రోలెక్స్‌లో కొన్ని రకాలు తప్ప, కొన్న మర్నాడు అమ్మబోతే మీరు పెట్టిన ధర తిరిగి రాదు. పేరు తెలియని కంపెనీకి ఇంకా తక్కువ వస్తుంది. తిరిగి అమ్మే ఆలోచన మనసులో ఉంటే ఈ దారి మీది కాదు. పేరు లేనందువల్ల ఒక లాభం కూడా ఉందనుకోండి, నకిలీలు తయారుచేసేవాళ్ళు రోలెక్స్ మీద చూపే శ్రద్ధ వీటి మీద చూపరు. రెండు లక్షలు దాటిన కొనుగోలుకు పాన్ ఇవ్వాలి. రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం చట్ట విరుద్ధం. 2025 ఏప్రిల్ నుంచి పది లక్షలు దాటిన వాచీ మీద ఒక శాతం టి.సి.ఎస్. వసూలు చేస్తున్నారు, అది మీ ఆదాయపు పన్నులో సర్దుబాటవుతుంది. స్విట్జర్లాండ్ తదితర నాలుగు దేశాలతో మన ఒప్పందం 2025 అక్టోబర్ 1న అమలులోకి వచ్చింది, స్విస్ వాచీల మీద సుంకం విడతలవారీగా తగ్గుతుంది. జర్మనీ అందులో లేదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న చిన్నాన్న కొడుకుతో తెప్పిస్తే చవకని మా వాడు లెక్క వేశాడు. శంషాబాద్ విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ళకు చూపించి సుంకం కట్టాక ఆ లెక్క ఏమవుతుందో కలిపి చూడమన్నాను. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

షోరూములో నేను ఎక్కువసేపు మాట్లాడింది సర్వీసు గురించి. ఏ మెషీన్ అయినా అయిదారేళ్ళకు నూనె ఆరిపోతుంది. విప్పి, కడిగి, కొత్త నూనె పెట్టాలి. ఆ పని ఇక్కడే చేస్తారా, జర్మనీకి పంపుతారా? పంపితే ఎన్ని నెలలు? రానూపోనూ ఖర్చు, బీమా ఎవరివి? ఇప్పటి లెక్కలో ఎంతవుతుంది? సేల్స్ కుర్రాడు "ఏం ఫరవాలేదు సార్, మేం చూసుకుంటాం" అన్నాడు. మేనేజరు గారు లోపలి నుంచి వచ్చి, చిన్న పనులు తమ వర్క్‌షాపులో చేస్తామనీ, పూర్తి ఓవర్‌హాలింగ్‌కు అవసరమైతే కంపెనీకి పంపుతామనీ, నెలలు పట్టవచ్చనీ చెప్పారు. ఆ మాటే మెయిల్‌లో రాసి పంపమంటే పంపారు. సీరియల్ నంబరు, తేదీ, షోరూము ముద్ర ఉన్న వారంటీ కార్డు, బిల్లు తీసుకుని మా వాడు 35 మిల్లీమీటర్ల టాంజెంట్ చేతికి కట్టుకున్నాడు. మా అక్క చూసి "బాగానే ఉంది గానీ, పేరు ఇంకాస్త పెద్ద అక్షరాల్లో వేయాల్సింది" అంది.

మీరు వినని పేరున్న వాచీ మీద మనసు పడితే నిరభ్యంతరంగా కొనండి. కాకపోతే మెషీన్ నంబరు, సర్వీసు చేసే చోటు, దానికయ్యే ఖర్చు, ఈ మూడూ కాగితం మీద రాసివ్వమని అడగండి. రాసివ్వనంటే కార్డు జేబులోంచి తీయకండి.